ఓడినవాడి జాకెట్

మా వదిన జిప్పు చూసి మనిషిని చెప్పేస్తుంది. పైపళ్ళు విరిగితే ఆ బ్యాగు మనిషికి తొందరెక్కువట. కిందిపళ్ళు విరిగితే పట్టనంత కుక్కే రకమట. "మరి నా హ్యాండ్‌బ్యాగు చూసి నా సంగతి చెప్పు" అన్నానొకసారి. "నీదానికి జిప్పెందుకు? ఎప్పుడూ తెరిచే ఉంటుంది, నీ నోరులాగ" అంది.

నిజమే లెండి. నా నోరు మంచిది కాదని మా ఇంట్లోనే కాదు, కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చే మనిషికి కూడా తెలుసు. నేను ఆవిడకు ఆడపడుచుని. పెళ్ళి వద్దనుకుని అన్నయ్య ఇంట్లోనే ఉండిపోయినదాన్ని. వదిన ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నేను సాధించని సాధింపు లేదు. ఆవిడకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. చివరికి విసుగొచ్చి స్నేహం చేసుకున్నాను.

మా షాపు పట్టుమని పదడుగుల వెడల్పు ఉండదు. ఎడమపక్క వదిన పెద్ద మిషను. తోలు, రెక్సిను, టెంటు గుడ్డ ఏదైనా కుట్టేస్తుంది. అది నడుస్తుంటే బల్ల మీది టీ గ్లాసు దానంతటదే అంచు దాకా వచ్చేస్తుంది. కుడిపక్క నా చిన్న మిషను. స్కూలు యూనిఫారాలు, ప్యాంటు అంచులు, కాజాలు నా పని. ఆవిడ వాడేది మైనం పట్టించిన నైలాను దారం, పళ్ళతో కొరికినా తెగదు. నాది మామూలు నూలు దారం. ఆవిడ తీరు కూడా ఆ నైలాను దారంలాంటిదే. ఎంత లాగినా సాగదు, తెగదు. ఎవరైనా "రేపటికి కావాలి" అంటే "ఎల్లుండి ఇస్తాను" అంటుంది. ఎల్లుండి పొద్దున్నే ఇచ్చేస్తుంది. పదహారేళ్ళలో ఒక్క కుట్టు విడిపోయిందని మా షాపుకు తిరిగి వచ్చినవాళ్ళు లేరు.

ఇక మా అన్నయ్య. బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని చచ్చిపోయిందన్నారు గానీ, అన్నయ్య అక్షరం చూసినవాళ్ళు మళ్ళీ ఫ్లెక్సీ జోలికి వెళ్ళలేదు. స్కేలు పెట్టకుండా, గీత గీయకుండా, నిచ్చెన మీద నిలబడి ఈలేసుకుంటూ రాసేవాడు. మా షాపు బోర్డు రాసేటప్పుడు వదిన ఎంత పేచీ పెట్టిందనుకున్నారు? పసుపు వేస్తే "గోల చేస్తోంది" అంది. అందులో తెలుపు పోస్తే "జబ్బు మొహంలా ఉంది" అంది. మూడోసారి చెంచాడు గోధుమరంగు కలిపితే అప్పుడు "ఆఁ, ఇదీ!" అంది. కొట్లో కొందామన్నా దొరకని రంగు అది. సగం డబ్బా మిగిలింది.

ఊరి బయట కొత్త రోడ్డు ఒకటి వేశారు. రిబ్బను కత్తిరించే పెద్దమనిషికి తీరిక లేక ఏడాదిగా అలాగే ఖాళీగా పడి ఉంది. ఆదివారం తెల్లవారగానే అక్కడ బైకు రేసులు. అందరికీ తెలుసు. పక్కన అపార్ట్‌మెంట్లలో పెద్దవాళ్ళు కిటికీలు మూసుకుంటారు, వాళ్ళ పిల్లలు బాల్కనీలోంచి వీడియోలు తీస్తారు. బైకు నంబరు ప్లేటుకి తలుపుకున్నట్టు కీలు బిగించి, పరుగుకు ముందు లోపలికి మడిచేస్తారు. సైలెన్సరు లోపల శబ్దాన్ని ఆపేదంతా పీకి పారేస్తారు. ఆ మోతకు చెవులే కాదు, గుండెలు కూడా అదురుతాయి. అలా మోత మోగించేవాళ్ళంతా డబ్బున్నవాళ్ళ బిడ్డలనుకుంటే పొరపాటు. వారమంతా ఎవరో ఒకరితో మాటలు పడే కుర్రాళ్ళే ఎక్కువ. ఆదివారం ఒక్క పూట రాజులు.

ఆ పొద్దున అన్నయ్య ఆ రోడ్డు పక్కన ఒక గోదాము గోడ మీద పేరు రాయడానికి సైకిలు మీద వెళ్ళాడు. ఎండెక్కితే గోడ మీద రంగు సరిగ్గా పరుచుకోదు. మిగిలిపోయిన ఆ సగం డబ్బా హ్యాండిల్‌కి తగిలించుకున్నాడు. వెనక నుంచి మూడు బైకులు వచ్చాయి. మధ్యది కొట్టింది. కొట్టినవాడూ పడ్డాడు. రోడ్డు మీద జారుకుంటూ వెళ్ళి, ఒలికిన రంగులో పొర్లి ఆగాడు. లేచి అన్నయ్య దగ్గరికి వచ్చాడు. హెల్మెట్ అద్దం ఎత్తలేదు. కిందపడ్డ మనిషిని నిలబడి చూశాడు. తర్వాత వెళ్ళి బైకు లేపుకుని పోయాడు. గంట తర్వాత పాలవ్యాను డ్రైవరు చూసేదాకా మా అన్నయ్య అక్కడే పడి ఉన్నాడు.

కుడిచేతి మణికట్టు మూడు ముక్కలు. రెండు ఆపరేషన్లయ్యాయి. ఇప్పుడు ఆ చేత్తో మంచినీళ్ళ గ్లాసు కూడా నిలవదు. కుంచె సంగతి మేం ఎత్తం, ఆయనా ఎత్తడు. ఈలెయ్యడం మానేశాడు.

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. "నంబరు ఉందా?" లేదు. "మొహం చూశారా?" లేదు. "ఎలా ఉంటాడు?" నల్ల జాకెట్, నల్ల హెల్మెట్. "మరి ఎవరి కోసం వెతకమంటారమ్మా?" అని మమ్మల్నే అడిగారు. ఒక కాగితం రాసుకుని చేతులు దులుపుకున్నారు.

ఆ రోజు నుంచి నేను వాణ్ణి తిట్టని పూట లేదు. వాడి చెయ్యి పడిపోను, వాడి వంశం మీద మన్ను పొయ్య అని మిషను తొక్కుతూ తిట్టేదాన్ని.

"తిడితే దొరుకుతాడా?" అనేది వదిన.

"కనీసం నా కడుపు చల్లబడుతుంది."

"నాకు చల్లబడక్కర్లేదు. నాకు వాడు దొరకాలి."

ఆవిడ ఏడవలేదు. అన్నయ్యకు అన్నం కలిపి పెడుతూ రోజూ అవే ప్రశ్నలు వేసేది. ఎంత పొడుగు? భుజాలు వెడల్పా? ఎటుపక్క జారాడు? ఎడమ పక్కకా, కుడి పక్కకా? అన్నయ్య విసుక్కునేవాడు. ఆవిడ మాత్రం మర్నాడు మళ్ళీ అడిగేది.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఇరవై రెండేళ్ళ కుర్రాడొకడు మా షాపుకు వచ్చాడు. వీపున భోజనాలు మోసే చదరపు పెట్టె. ఇంటింటికీ డెలివరీ చేసేవాడన్నమాట. పెట్టెలోంచి నల్ల తోలు జాకెట్ తీసి బల్ల మీద పెట్టాడు. ఎడమ భుజం చిరిగి, మోచేతి దగ్గర తోలు గీసుకుపోయి ఉంది.

"ఎక్కడ పడ్డావు బాబూ?" అంది వదిన.

"నేనా? పడలేదక్కా. ఎక్కడో గీసుకుంది, అంతే" అని నీళ్ళు నమిలాడు. పేరు, ఫోను నంబరు రాయించి, పని ఉందని పరిగెత్తాడు.

వదిన పనికి ఒక వరస ఉంది. చిరుగు ఎక్కడున్నా ముందు జిప్పు పట్టుకుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో పళ్ళన్నీ తోమి, కొవ్వొత్తి ముక్కతో రుద్ది, ఆ తర్వాతే సూది ముడుతుంది. ఆ రోజూ తోముతోంది. ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోయింది. బ్రష్ కొసన పసుపు పొట్టు. తోలు మీద రంగుని పెట్రోలుతో తుడిచేసినట్టున్నారు, జిప్పు పళ్ళ సందులో ఉన్నది మాత్రం అలాగే ఎండిపోయింది. ఆవిడ లేచి బయటికెళ్ళి, మెట్టు మీద నిలబడి, ఆ బ్రష్‌ని మా బోర్డుకి ఆనించి చూసింది. రోడ్డున పోయేవాళ్ళు ఈవిడకేం పిచ్చి అనుకుని ఉంటారు. లోపలికి వచ్చి షట్టరు సగం దించింది.

"దొరికాడు" అంది.

ఇందాక "అక్కా" అని పిలిచి వెళ్ళింది వాడా! వాడికి నేను మంచినీళ్ళు కూడా ఇచ్చాను!

"పద, స్టేషన్‌కి వెళ్దాం" అని వదిన జాకెట్ మడత పెట్టింది.

ఇక్కడ నేను అడ్డుపడ్డాను. ఈ మాట గుర్తుంచుకోండి, అడ్డుపడింది నేనే. "వెళ్ళి ఏం చెప్తావు? బ్రష్ చూపిస్తావా? పసుపు రంగు ఊరంతా ఉందంటారు. వాడు లాయరుని పెట్టుకుని సాయంత్రానికి ఇంటికొచ్చి నిద్రపోతాడు. మనం మాత్రం వాయిదాలకి తిరగాలి."

"మరి ఏం చేద్దామంటావు?"

"వాడు మళ్ళీ రేసుకి వెళ్తాడు. మళ్ళీ పడతాడు. ఇవాళ కాకపోతే రేపు. పడ్డప్పుడు వాణ్ణి కాపాడేది ఏంటి? ఇదిగో, ఇది." జాకెట్ భుజం లోపల ఉన్న దళసరి మెత్తను నొక్కి చూపించాను. "ఇది తీసెయ్యి. చేతులు నా దారంతో కుట్టు. అన్నయ్య చర్మం ఎలా లేచిపోయిందో వాడిదీ అలాగే లేవాలి. వాడి చెయ్యీ పోవాలి. నువ్వూ నేనూ చచ్చేదాకా నోరెత్తకుండా ఉంటే ఎవడికి తెలుస్తుంది?"

వదిన ఆ మెత్తను తనూ ఒకసారి నొక్కి చూసింది. పక్కింటి రేడియో ఏదో వాగుతోంది. చివరికి చెయ్యి చాపింది. నా అలమారలోంచి నల్ల నూలు దారం కండె తీసి ఆ చేతిలో పెట్టాను.

ఆ పని ఎంత శ్రద్ధగా చేసిందో చెప్తే నమ్మరు. భుజాల్లో, మోచేతుల్లో, వీపులో మెత్తలు తీసేసి, వాటి కొలతకు అట్టముక్కలు కత్తిరించి, పైన పలుచని స్పాంజి చుట్టి పెట్టింది. చేత్తో తడిమితే అనుమానం రాదు. చేతులు రెండూ విప్పేసి నూలు దారంతో మళ్ళీ కుట్టింది. దారానికి నల్ల పాలిష్ పట్టించింది. నా జన్మలో అంత అందమైన కుట్టు చూడలేదు. మెచ్చుకున్నాను కూడా. సిగ్గులేదు నాకు.

వాడు మూడోరోజు వచ్చి తొడుక్కుని చూసుకున్నాడు. భుజాల దగ్గర వదులుగా ఉంది. కొలతలు తెలిసిన మనిషి కదా, వదిన అడగనే అడిగింది, "నీకు కొంచెం పెద్దదయినట్టుంది?" అని. "లోపల స్వెట్టరు వేసుకుంటానక్కా" అన్నాడు. ఈ కాలం పిల్లలు రెండు సైజులు పెద్దవి వేసుకుని తిరగడం చూస్తూనే ఉన్నాం, మేమూ సరిపెట్టుకున్నాం. "ఎంత బాగా కుట్టారక్కా! అసలు కుట్టే కనపడట్లేదు" అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. నవ్వరా నాయనా, నవ్వు, అనుకున్నాను.

ఆ వారం మా బతుకు పరీక్ష రాసి ఫలితాల కోసం చూసేవాళ్ళ బతుకే. పొద్దున్నే టీ తాగుతూ పేపర్లో ప్రమాదాల వార్తలన్నీ చదివేదాన్ని. వదిన అటు తిరిగి దారం ఎక్కిస్తూ "ఉందా?" అనేది. "లేదు" అనేదాన్ని. ఎవరో లారీ కింద పడ్డారు, ఎవరో కాలవలో పడ్డారు, మావాడు మాత్రం పడడు. మూడో రోజు నుంచి వదినకు తిండి సహించలేదు. నాకు బాగానే సహించింది.

శనివారం సాయంత్రం ఇంకొక కుర్రాడు వచ్చాడు. చేతిలో గోధుమరంగు తోలు జాకెట్, నోట్లో ఆగని వాగుడు. లొడలొడ అనే అందాం వాణ్ణి. మా డెలివరీ అబ్బాయి పంపించాడట.

"మీ కుట్టు సూపరంట కదా అక్కా! నాదీ అలాగే కుట్టాలి. నాదంటే నాది కాదులెండి, పోయిన ఆదివారం గెలుచుకున్నా."

వదిన మిషను ఆపింది. "గెలుచుకోవడమేంటి?"

"మా దాంట్లో రూలది. డబ్బులూ గిబ్బులూ ఏం ఉండవు. ఓడినోడు అక్కడికక్కడే జాకెట్ విప్పి గెలిచినోడికి ఇచ్చి, ఉత్త చొక్కాతో ఇంటికెళ్ళాలి. ఓడినోడి చిరుగుతో వేసుకుంటే దరిద్రం. అందుకని గెలిచినోడు కుట్టించుకోవాలి. మొదటిసారి రేసులోనే వేసుకోవాలి, బయట వేసుకోకూడదు. మావాడు ఆ నల్లది గెలిచి నెల పైనే అయింది. కుట్టించడానికి టైమే దొరకలేదు పాపం. రేపు పొద్దున వేసుకుంటున్నాడు, రాజాలా!"

నేను కాజా కుట్టడం ఆపేశాను. వదిన గొంతు మాత్రం మారలేదు. "అయితే ఆ నల్లది అంతకుముందు ఎవరిది?"

"అది... ఒక సీనియర్‌ది అక్కా. ఎందుకు?"

"ఊరికే అడిగాను. మంచి తోలు."

వాడు వెళ్ళగానే వదిన నంబరు వెతికి ఫోను చేసింది. రింగయి ఆగిపోయింది. డెలివరీల మీద ఉండి ఉంటాడు. పదిసార్లు చేసింది. పదకొండోసారికి స్విచ్చాఫ్. రేసులో దిగేవాళ్ళు ముందురోజు రాత్రి ఫోన్లు ఆపేస్తారని ఆ తర్వాత తెలిసింది.

"పొద్దున వెళ్దాం" అంది వదిన.

"ఎక్కడికి?" అన్నాను, తెలియనట్టు. "వాడైతే ఏంటి, వీడైతే ఏంటి? అందరిదీ ఒకటే మంద. ఆ మూడు బైకుల్లో వీడిదీ ఉందేమో! ఎవడో ఒకడు పడనీ. మిగతావాళ్ళకైనా బుద్ధొస్తుంది."

వదిన నా వైపు తిరిగింది. "నా మొగుణ్ణి కొట్టి, నిలబడి చూసి పోయినవాడు నాకు కావాలి. వీడు నాకెందుకు? వీడు పడితే వాడు తప్పించుకున్నట్టే కదా?" అంది. ఆవిడకు జాలి పుట్టిందని నేను చెప్పను. తన పగ వేరేవాడి మీద ఖర్చయిపోవడం ఆవిడకు ఇష్టం లేదు.

తెల్లవారుతుండగా నా పాత మోపెడ్ మీద ఇద్దరం బయల్దేరాం. అది నలభై దాటితే వణుకుతుంది. వెనక కూర్చుని వదిన "ఇంకా, ఇంకా" అని నా వీపు పొడుస్తోంది. ఎండ అప్పుడే పొడుచుకొస్తోంది. కొత్త రోడ్డు మొదట్లో అడ్డుగా పెట్టిన సిమెంటు దిమ్మెల సందులోంచి దూరి వెళ్ళేసరికి ముప్పై నలభై మంది పిల్లలున్నారు. ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఒకటే అరుపులు. మేం చూస్తుండగానే రెండు బైకులు దూసుకుపోయాయి. ముందున్నవాడి వీపు మీద మా జాకెట్.

"ఆపండి! ఆపండర్రా!" అని నేను అరిచిన అరుపు నాకే వినపడలేదు.

లొడలొడ మమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చాడు. "అక్కా! మీరూ చూడ్డానికి వచ్చారా?" చివర వంతెన దాకా వెళ్ళి తిరిగి రావాలట. నాలుగు నిమిషాలట. ఆ నాలుగు నిమిషాలూ వదిన రోడ్డు మధ్యలో నిలబడింది. పక్కకు రమ్మని ఎవరు లాగినా రాలేదు. అంత పంతం పట్టిన నేను కూడా వంతెన వైపే చూస్తున్నాను. మలుపు దగ్గర మోత తగ్గినప్పుడల్లా పడ్డాడనుకున్నాను. పడకూడదని ఎవరికి మొక్కుకోవాలో తెలియలేదు. వారమంతా పడాలనే మొక్కుకున్నాను కదా!

వచ్చాడు. ముందు వాడే వచ్చాడు. నడిరోడ్డులో మనిషిని చూసి, బ్రేకు నొక్కి, అడ్డంగా తిప్పి ఆపి, హెల్మెట్ తీసి నవ్వుతున్నాడు. "అక్కా! గెలిచా!"

వదిన వాడి చెయ్యి పట్టుకుని భుజం దగ్గర ఒక్క గుంజు గుంజింది. ప్రర్రుమని జాకెట్ చెయ్యి ఊడి ఆవిడ చేతిలోకి వచ్చేసింది. భుజంలోంచి అట్టముక్క జారి రోడ్డు మీద పడింది. స్పాంజి వేలాడుతోంది.

అరుపులు ఆగిపోయాయి. వాడు తన భుజం వైపు చూసుకున్నాడు.

"నేనే పెట్టాను" అంది వదిన. "ఈ జాకెట్ వేసుకున్నవాడు పడితే చావాలని పెట్టాను. దీని జిప్పులో మా ఆయన రంగు ఉంది. రెండున్నర నెలల కింద ఇదే రోడ్డు మీద మా ఆయన్ని గుద్ది, ఆయన చెయ్యి విరిగిపోతే నిలబడి చూసి వెళ్ళిపోయాడు ఒకడు. నువ్వనుకున్నాను. నువ్వు కాదట. చెప్పు, ఇది ఎవడి దగ్గర గెలిచావు?"

వాడు నోరు విప్పలేదు. విప్పక్కర్లేదు కూడా. అక్కడున్న ముప్పై మొహాలూ ఒకవైపే తిరిగాయి. దూరంగా బైకుకి ఆనుకుని ఒకడున్నాడు. పొడుగు, వెడల్పు భుజాలు, వీపున కొత్త జాకెట్, కళ్ళజోడు. చదువుకున్నవాడిలా ఉన్నాడు.

వదిన ఆ ఊడిన చెయ్యి పట్టుకుని వాడి దగ్గరికి వెళ్ళింది. "నువ్వేనా?"

"చూడండి ఆంటీ, ఆయనే సడన్‌గా అడ్డొచ్చాడు" అన్నాడు వాడు. "అయినా ఆయన బతికే ఉన్నాడు కదా?"

తోలు జాకెట్ చెయ్యి బరువుగా ఉంటుంది. మడిచి కొడితే బాగా తగులుతుంది. ఒకటి, రెండు, మూడు. కళ్ళజోడు ఎగిరి పడింది. నేను చెప్పు తీశాను గానీ, నాకు వంతు రాలేదు. ఎవరూ అడ్డుపడలేదు. ఫోన్లు మాత్రం పైకే ఉన్నాయి.

వాడు బుగ్గ తుడుచుకుని, వంగి కళ్ళజోడు తీసుకుని, తాపీగా అన్నాడు: "పోలీసులకి చెప్తారా? చెప్పండి. నేను గుద్దానని మీ దగ్గర సాక్ష్యం ఏముంది? మీరు మాత్రం ఇంతమంది ముందు ఒప్పుకున్నారు, ఇతన్ని చంపడానికే అట్టముక్కలు పెట్టానని. వీడియోలున్నాయి. ముందు లోపలికెళ్ళేది మీరే. కాబట్టి ఇంటికెళ్ళండి. నేనూ వెళ్తాను. సరికి సరి."

నేను వదిన కొంగు పట్టుకుని లాగాను. "పోదాం పద" అన్నాను. అవును, అన్నాను.

వదిన డెలివరీ అబ్బాయి వైపు తిరిగింది. "ఇది వీడి దగ్గర గెలిచానని స్టేషన్లో చెప్తావా?"

"చెప్తే నా లైసెన్స్ పోతుందక్కా. ఉద్యోగం కూడా."

"పోతుంది" అంది వదిన. అబద్ధం చెప్పలేదు, బతిమాలలేదు.

వాడు కింద పడ్డ అట్టముక్క తీసి చూశాడు. వేలితో వంచాడు, వంగిపోయింది. "మీరు రాకపోతే వచ్చే వారమో ఆపై వారమో నాకు తెలిసేది. మీరు వెనక్కొచ్చారు. వాడు రాలేదు" అన్నాడు. బైకు దగ్గరికెళ్ళి, మడిచిన నంబరు ప్లేటు కిందికి దించి, నా మోపెడ్ వెనక నలభై స్పీడులో వచ్చాడు.

స్టేషన్లో ఫిర్యాదులు రాసుకునే రైటరు పెద్దాయన. ఇదివరకు "ఎవరి కోసం వెతకమంటారమ్మా" అన్నది ఆయనే. జాకెట్, బ్రష్, దారిలో ఇంటి దగ్గర ఆగి తెచ్చిన ఆనాటి ఖాళీ రంగు డబ్బా, డెలివరీ అబ్బాయి మాట, అన్నీ చూసి ఈసారి కుర్చీ చూపించాడు. వదిన మొదటి నుంచీ చెప్పింది. మెత్తలు తీసేసిన సంగతి కూడా చెప్పింది.

ఆయన కలం ఆపాడు. "ఇదెందుకమ్మా చెప్పడం? నేను రాస్తే మీ మీద కూడా కేసవుతుంది."

"రాయండి" అంది వదిన. "వాడి చేతిలో ఉన్న కర్ర ఇదొక్కటే. రేపు దీంతో నన్ను బెదిరిస్తాడు, కోర్టులో నన్ను దొంగని చేస్తాడు. నేనే ముందు చెప్పేస్తే వాడింక దేన్ని పట్టుకుని నిలబడతాడు? నన్ను లోపల పెట్టినా సరే, వాడు నా పక్కనే ఉండాలి."

ఆయన రాసుకున్నాడు. జాకెట్ చెయ్యి తిరగేసి, ఊడిన దారం పీకి, వెలుతురుకి పట్టి చూశాడు. "ఇది నూలు దారంలా ఉంది. తోలుకి ఇది వాడరు కదా? మీ షాపులో ఇంకెవరు పని చేస్తారు? ఇందులో ఇంకెవరైనా ఉన్నారా?"

వదిన వెంటనే జవాబు చెప్పలేదు. నేను ఆవిడ పక్క కుర్చీలోనే ఉన్నాను. గోడ గడియారం చప్పుడు వినపడుతోంది.

"లేరు" అంది వదిన.

వాణ్ణి ఆ సాయంత్రమే పట్టుకెళ్ళారు. బైకు కూడా తీసుకున్నారు. వాడి ఫోనులో ఆనాటి వీడియో దొరికింది, వాడి వెనక బైకువాడు తీసి పంపింది. అందులో మా అన్నయ్య రోడ్డు మీద పడి ఉన్నాడు, వాడు నిలబడి చూస్తున్నాడు. వాడి తండ్రి మా షాపుకు వచ్చి రాజీ అంటూ ఏదో మొదలెట్టాడు. వదిన మిషను తొక్కడం ఆపలేదు. ఆ మోతలో ఆయన మాటలు ఆయనకే వినపడక వెళ్ళిపోయాడు. డెలివరీ అబ్బాయికి లైసెన్స్ పోయింది. ఇప్పుడు ఏదో గోదాములో మూటలెక్కిస్తున్నాడట. రోడ్డుని పోలీసులు మూశారు. పిల్లలు ఇంకో రోడ్డు వెతుక్కున్నారు.

అన్నయ్యకు సంగతంతా తెలిశాక రెండు రోజులు వదినతో మాట్లాడలేదు. మూడో రోజు "నా కోసం చేశావా ఇదంతా?" అన్నాడు. "కాదు, నా కోసం" అంది వదిన.

ఆవిడ కేసూ వాడి కేసూ ఒకే కోర్టులో. చాలాసార్లు ఒకే రోజు పిలుస్తారు. వదిన ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్తుంది. వరండాలో వాడికి ఎదురుగా కూర్చుంటుంది. వాడు తల తిప్పుకుంటాడు, గోడ చూస్తాడు, నేల చూస్తాడు. ఈవిడ మాత్రం వాడినే చూస్తుంది. వాడికి శిక్ష పడేసరికి ఎన్నేళ్ళు పడుతుందో, ఈవిడకు ముందే పడుతుందో తెలియదు. కానీ ఆ చూపు కోసమే వెళ్తుందని నాకు తెలుసు. నేను సంచీ పట్టుకుని తోడు వెళ్తాను. ముద్దాయిల పేర్లు పిలిచేటప్పుడు నా పేరు ఉండదు.

పోయిన వాయిదా నాడు తిరిగొచ్చి షాపు తెరిచాం. ఆవిడ ఎవరిదో స్కూలు బ్యాగు ముందేసుకుని జిప్పు తోముకుంటోంది. ఇన్నాళ్ళూ గొంతులో పెట్టుకున్నది ఇక ఆగలేదు నాకు. "వదినా, ఆ రోజు రైటరు అడిగితే నా సంగతి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

కోపంగా అని ఉంటే పడేదాన్ని. దెప్పి ఉంటే ఎదురు తిరిగేదాన్ని, ఆ విద్య నాకు బాగా వచ్చు. ఆవిడ తలెత్తకుండా, మామూలుగా చెప్పింది.

"నువ్వే చెప్తావేమోనని కాసేపు ఆగాను కదా."